తీగ వెంటే కరెంటు: బల్ల మీది ఫోను కథ

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో ల్యాండ్‌లైన్ రోజులు చూసినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. పసుపు సీజన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు కరెంటు పోయి, ఫ్యాను ఆగి, అడ్తి దుకాణమంతా చీకటైనా బల్ల మీది ఫోను మాత్రం గణగణ మోగేది. నిజామాబాద్ యార్డులో కొమ్ము ఎంతకు పోయింది, మండ ఎంతకు పోయింది, సాంగ్లీలో ఏం ధర పలుకుతోంది? ఈ కబుర్లకు కరెంటు కోతతో పనిలేదు. ఆ ఫోనుకు ప్లగ్గు లేదు, లోపల సెల్లు లేదు. గోడలోంచి వచ్చే రెండు సన్నని తీగలే దానికి ఆధారం.

ఇప్పుడు బ్యాంకు శాఖలోనో పెద్ద ఆఫీసులోనో బల్ల మీద కనిపించే ఫోను వేరే జాతిది. దాని వెనకాల ఉండేది టెలిఫోన్ తీగ కాదు, కంప్యూటర్‌కు పెట్టే నెట్‌వర్క్ కేబుల్. అయినా దానికీ విడిగా ప్లగ్గు ఉండదు. ఈ రెండు ఫోన్ల మధ్య కొన్నేళ్లు మాత్రం బల్ల మీది ఫోనుకు తీగలోంచి కరెంటు అందని కాలం నడిచింది. పోయిన ఆ సౌకర్యాన్ని మళ్లీ ఎలా సంపాదించారన్నదే ఈ కథ.

మొదటి తరం టెలిఫోన్లకు ఎవరి బ్యాటరీ వాళ్లకే ఉండేది. మాట్లాడేందుకు ఫోను పెట్టెలోనే సెల్లులు, అవతలివాళ్లను పిలవడానికి చేత్తో తిప్పే మాగ్నెటో. సెల్లులు ఎండిపోతే కంపెనీ మనిషి ఇంటింటికీ తిరిగి మార్చాలి. వేల ఇళ్లలో ఇది సాగే పని కాదు. అమెరికాలోని లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో 1893లో కొత్త పద్ధతి పెట్టారు. బ్యాటరీలన్నీ ఎక్స్చేంజిలోనే ఒకచోట ఉంటాయి, మాట వెళ్లే తీగల జతమీదే కరెంటు కూడా వెళ్తుంది. రిసీవర్ ఎత్తగానే సర్క్యూట్ పూర్తయి, ఎక్స్చేంజిలో దీపం వెలిగేది. ప్రపంచమంతా క్రమంగా ఈ దారికే వచ్చింది.

ఆ కరెంటు 48 వోల్టులు. రెండేసి వోల్టుల సీసం-ఆమ్లం సెల్లులు ఇరవై నాలుగు వరసగా కలిపితే వచ్చే లెక్క అది. దూరం ఊళ్లకు తోయడానికి చాలినంత ఎక్కువ, లైన్‌మన్ చేతికి తగిలినా ప్రాణం మీదికి రానంత తక్కువ. బ్యాటరీ పాజిటివ్ కొసను భూమికి కలిపి, లైను మీదికి నెగటివ్‌ను పంపేవాళ్లు. అలా చేస్తే తేమలో రాగి తీగ తినుకుపోవడం తగ్గుతుంది. ఊరి కరెంటు పోతే ఎక్స్చేంజిలో బ్యాటరీలు, అవి దిగిపోయేలోపు డీజిల్ జనరేటరు. అందుకే దుకాణంలో చీకటైనా ఫోను మోగేది. ఈ 48 అన్న అంకెను గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్లీ తగులుతుంది.

కంప్యూటర్ల తీగల కథ దీనికి దూరంగా, దీంతో సంబంధమే లేకుండా మొదలైంది. 1973 మే నెలలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. మొదట్లో అది బొటనవేలంత లావు కేబుల్ మీద నడిచేది. ఆఫీసంతా పాములా పాకే ఆ కేబుల్ ఎవరికీ నచ్చలేదు. ఎనభైల్లో ఇంజినీర్ల చూపు గోడల్లో అప్పటికే ఉన్న టెలిఫోన్ తీగల మీద పడింది. రెండు తీగలు మెలిపెట్టిన జతలు, చవక, ఎటంటే అటు వంగుతాయి. 1990లో సెకనుకు కోటి బిట్లు పంపే ఈథర్‌నెట్ ఈ మెలిక జతల మీదికి అధికారికంగా దిగింది.

ఒక కేబుల్‌లో నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలు. ఈథర్‌నెట్‌కు కావలసినవి రెండే జతలు: పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. కనెక్టర్ నడిమధ్యలో ఉండే 4, 5 తీగలను కావాలనే ముట్టుకోలేదు. ఎందుకంటే మామూలు టెలిఫోను వాడుకునేది ఆ మధ్య జతనే. ఎవరైనా పొరపాటున టెలిఫోన్ లైనును కంప్యూటర్ రంధ్రంలో గుచ్చితే, రింగు వోల్టేజి కంప్యూటర్‌ను కాల్చకూడదు కదా. అలా 4-5, 7-8 జతలు పదేళ్ల పాటు పనిలేకుండా కూర్చున్నాయి. ఈ ఖాళీయే తర్వాత అక్కరకొచ్చింది.

తొంభైల చివర్లో మాటను కూడా డేటాగా కత్తిరించి, కంప్యూటర్ నెట్‌వర్క్ మీదే పంపడం ఆఫీసులకు అమ్మదగ్గ సరుకైంది. డల్లాస్‌లోని సెల్సియస్ అనే చిన్న కంపెనీ నేరుగా ఈథర్‌నెట్‌కు తగిలించే టెలిఫోను తయారుచేసింది. 1998లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో దాన్ని 14 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. మరుసటేడు త్రీకామ్ కంపెనీ ఎన్‌బీఎక్స్ అనే ఇంకో ఫోన్ల కంపెనీని కొన్నది. ఒక ఆఫీసులో ఫోన్లకో తీగ, కంప్యూటర్లకో తీగ ఎందుకు, అంతా ఒకటే చాలు అన్నది వాళ్ల బేరం.

బేరం బాగానే ఉంది గానీ, కొనేవాళ్లు అడిగిన మొదటి ప్రశ్నకే అమ్మేవాళ్లు నీళ్లు నమిలారు: కరెంటు పోతే ఫోను పనిచేస్తుందా? పనిచేయదు. కొత్త ఫోనుకు గోడ ప్లగ్గులో పెట్టే నల్ల అడాప్టరు కావాలి. వెయ్యి బల్లలుంటే వెయ్యి అడాప్టర్లు, వెయ్యి ప్లగ్గులు, ఒక్కోదానికీ ఎలక్ట్రీషియన్ ఖర్చు. అన్నిటికీ యూపీఎస్ పెట్టడం అయ్యే పని కాదు. మంటలు లేచినప్పుడు, మనిషి గుండె పట్టుకుని కూలినప్పుడు మోగాల్సిన పరికరం సరిగ్గా ఆ వేళకే మూగబోతుందంటే దాన్ని ఎవరు కొంటారు? నూరేళ్ల నాటి పాత ఫోను చేసిన పని కొత్త ఫోను చేయలేకపోవడం ఆ పరిశ్రమకు నిజంగా తలవంపే.

జవాబు కళ్ల ముందే ఉంది: కేబుల్ వెంటే కరెంటు పంపాలి. కాకపోతే రెండు చిక్కులు.

మొదటిది, డేటా నడిచే జతల మీదే కరెంటు పంపితే డేటా చెడిపోదా? చెడదు, దానికి టెలిఫోన్ ఇంజినీర్లకు 19వ శతాబ్దం చివరి నుంచే తెలిసిన కిటుకు ఒకటుంది. మెలిక జతలో సమాచారం అంటే రెండు తీగల వోల్టేజిల మధ్య తేడాయే. త్రాసు రెండు తట్టల్లోనూ ఒకే బరువు పెడితే ముల్లు కదలనట్టు, రెండు తీగల మీదా సమానంగా కరెంటు వేస్తే ఆ తేడా మారదు. కేబుల్ రెండు కొసల్లోనూ ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల నడిమి బిందువులోంచి కరెంటును ఎక్కించి, అవతల అలాగే దించుకుంటారు. ఒక జత మొత్తం పాజిటివ్, ఇంకో జత మొత్తం నెగటివ్. డేటాకు ఆ కరెంటు ఉన్నట్టే తెలియదు.

పాటల రికార్డింగు స్టూడియోలో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1966లో జర్మనీలోని నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం మైకు తీగ మీదే మైకుకు కరెంటు పంపే ఏర్పాటు చేసింది. ఎన్ని వోల్టులో ఊహించగలరా? 48. నార్వే స్టూడియోల్లో కరెంటు పోతే వెలిగే దీపాలకు 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది కాబట్టి దాన్నే వాడుకున్నారు. నేటికీ ప్రపంచంలోని చాలా స్టూడియో మైకులు అదే అంకె మీద నడుస్తున్నాయి.

రెండో చిక్కు అసలైనది. ఆఫీసు గోడలో నెట్‌వర్క్ రంధ్రం ఏదైనా ఒకేలా కనిపిస్తుంది. అందులో కొత్త ఫోనూ పెట్టవచ్చు, పదేళ్ల నాటి కంప్యూటరూ పెట్టవచ్చు, ప్రింటరూ పెట్టవచ్చు. కరెంటు కోరని పరికరం మీదికి 48 వోల్టులు వదిలితే అది కాలిపోవచ్చు. పాత టెలిఫోన్ లోకంలో ఈ బెడద లేదు, ఆ తీగ కొసన ఉండేది ఫోనే. నన్నడిగితే ఈ ఆవిష్కరణలో తెలివంతా కరెంటు పంపడంలో లేదు, పంపేముందు అవతల ఎవరున్నారో కనుక్కోవడంలో ఉంది.

2000లో సిస్కో తన సొంత పద్ధతితో ముందుకొచ్చింది. స్విచ్చి, అంటే ఆఫీసులోని నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె, ఒక ప్రత్యేకమైన సంకేతం పంపుతుంది. కరెంటు లేని సిస్కో ఫోను దాన్ని అలాగే తిప్పి పంపుతుంది, మామూలు కంప్యూటరు తిప్పి పంపదు. సంకేతం తిరిగొస్తేనే కరెంటు, అదీ ఆరేడు వాట్లే. పనిచేసింది గానీ, సిస్కో స్విచ్చికి సిస్కో ఫోనే కావాలి. వేరే కంపెనీలు వేరే దారులు పట్టాయి. ఇలా వదిలేస్తే ఎవరి ఫోను వాళ్ల స్విచ్చికే కట్టుబడి, కొనేవాడు ఇరుక్కుపోతాడు.

అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్న ప్రతిపాదన 1999 మార్చిలోనే ఐఈఈఈ ముందుకు వచ్చింది. ఈథర్‌నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంస్థ అది. ప్రతిపాదనను గట్టిగా భుజాన వేసుకున్నవాళ్లలో పవర్‌డిసైన్ ఒకటి. ఇజ్రాయెల్‌లో 1994లో పుట్టి, టెలికాం కంపెనీలకు పవర్ పరికరాలు చేస్తున్న సంస్థ. స్టీవ్ కార్ల్‌సన్ అధ్యక్షతన కూర్చున్న బృందం నాలుగేళ్లు తీసుకుని 2003 జూన్‌లో ప్రమాణాన్ని ఖాయం చేసింది. దాని పేరు 802.3ఏఎఫ్. వాడుకలో పవర్ ఓవర్ ఈథర్‌నెట్, ముద్దుగా పీఓఈ.

అవతల ఎవరున్నారన్న ప్రశ్నకు వాళ్లు ఎంచుకున్న జవాబు చూస్తే ముచ్చటేస్తుంది. సాఫ్ట్‌వేర్ లేదు, చిప్పు మేలుకోనవసరం లేదు. ఫోనులో 25 వేల ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టాలి, అంతే. బజారులో పైసల్లో దొరికే వస్తువు. స్విచ్చి ముందుగా పది వోల్టులకు మించని రెండు చిన్న వోల్టేజిలను ఒకదాని తర్వాత ఒకటి పంపి, కరెంటు ఎంత పారిందో కొలుస్తుంది. రెండు కొలతల తేడాను బట్టి అవతల ఉన్నది 25 వేల ఓమ్‌ల దరిదాపుల్లో ఉందా లేదా తేల్చుకుంటుంది. పాత కంప్యూటరైతే ఆ లెక్క కుదరదు, స్విచ్చి మౌనంగా ఉండిపోతుంది. కుదిరితే వోల్టేజిని 20 దగ్గరకు పెంచి, నీకెంత కావాలని అడుగుతుంది. ఫోను పీల్చుకునే కరెంటును బట్టి అది 4 వాట్ల తరగతిదా, 7 వాట్లదా, 15.4 వాట్లదా తెలుస్తుంది. అప్పుడు గానీ అసలు కరెంటు వదలదు. ఫోను ఊడబీకితే సెకనులో మూడో వంతుకు కాస్త అటూఇటుగా కరెంటు ఆగిపోతుంది, ఆ తర్వాత అదే రంధ్రంలో ఏది గుచ్చినా భయం లేదు.

15.4 అన్న వింత అంకె ఎక్కడిదని అనుమానం రావచ్చు. స్విచ్చి వైపు కనీసం 44 వోల్టులు, తీగలు భరించే కరెంటు 0.35 ఆంపియర్లు. రెంటినీ హెచ్చిస్తే 15.4 వాట్లు. నూరు మీటర్ల కేబుల్‌కు రానూపోనూ 20 ఓమ్‌ల అడ్డంకి అనుకుంటే, దారిలో వేడిగా పోయేది 0.35ను 0.35తో, దాన్ని 20తో హెచ్చిస్తే వచ్చే 2.45 వాట్లు. ఫోను దాకా చేరేది 12.95. ప్రమాణం పుస్తకంలో కచ్చితంగా ఈ అంకెలే ఉంటాయి. ఇంటర్ ఫిజిక్స్ దాటని లెక్క ఇది.

కరెంటు ఏ తీగల మీద పంపాలన్న దగ్గర మాత్రం బృందం ఒక మాట మీదికి రాలేకపోయింది. డేటా జతల మీద అని ఒక పక్షం, ఖాళీగా ఉన్న 4-5, 7-8 మీద అని ఇంకో పక్షం. చివరికి స్విచ్చి రెంటిలో ఏదైనా ఎంచుకోవచ్చనీ, ఫోను మాత్రం రెంటికీ సిద్ధంగా ఉండాలనీ రాశారు. పంచాయితీ తెగనప్పుడు భారం చిన్నవాడి నెత్తిన పడటం అక్కడా తప్పలేదు. గిగాబిట్ ఈథర్‌నెట్ వచ్చాక నాలుగు జతల మీదా డేటాయే నడుస్తోంది, ఖాళీ జతలన్న మాటే లేదు. అయినా త్రాసు కిటుకు వల్ల కరెంటుకు ఇబ్బంది రాలేదు.

డబ్బు వచ్చే చోట దావాలు రాకుండా ఉండవు. దూరపు పరికరానికి నెట్‌వర్క్ తీగ మీద కరెంటు పంపే పద్ధతి మీద 2001లో అమెరికాలో మంజూరైన పేటెంటు ఒకటి నెట్‌వర్క్-1 అనే సంస్థ చేతికి వచ్చింది. 2010లో సిస్కోతో సహా ఐదు కంపెనీలు దానితో రాజీకొచ్చి సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించాయి. పవర్‌డిసైన్‌ను 2007లో మైక్రోసెమీ కొన్నది, మైక్రోసెమీని 2018లో మైక్రోచిప్ కొన్నది. ఆ మైక్రోచిప్ 2023లో హైదరాబాద్‌లో పెద్ద పరిశోధన కేంద్రం తెరిచింది. అలా ఈ వంశవృక్షం కొమ్మ ఒకటి మన రాజధాని దాకా వచ్చి వాలింది.

ఆర్మూర్ రైతులు మాత్రం సమాచారమూ కరెంటూ ఒకే తీగలో నడిచే యంత్రాన్ని ఇంకా దగ్గర నుంచి చూశారు. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో 185 మంది పోటీపడ్డారు. వాళ్లలో 178 మంది పసుపు బోర్డు కావాలని, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని నామినేషన్ వేసిన రైతులు. అంత పెద్ద జాబితా కోసం ఎన్నికల సంఘం ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లను ఒకదానికొకటి కలిపి పెట్టింది. ఈవీఎం కరెంటు లేని పల్లెలోనూ నడుస్తుంది. మామూలు పోలింగులో ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్‌కు విడిగా ప్లగ్గు ఉండదు. కంట్రోల్ యూనిట్ లోపలి బ్యాటరీ నుంచి కరెంటు, ఓటరు నొక్కిన మీట సమాచారం ఒకే కేబుల్‌లో అటూఇటూ నడుస్తాయి. ఈ యంత్రాలు చేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాద్ ఈసీఐఎల్. ఈవీఎం ఏ నెట్‌వర్క్‌కూ కలవదు, దాని సాంకేతికత వేరు. ఆలోచన మాత్రం లెక్సింగ్టన్ ఎక్స్చేంజి నాటిదే. అడిగిన పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది, ఆ జూన్‌లో నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు.

ఫోను కోసం పుట్టిన పీఓఈకి ఇప్పుడు ఫోనే చిన్న చుట్టం. 2009లో దాని సత్తా 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది. వైఫై పెట్టెలు, తలుపు దగ్గర వేలిముద్ర యంత్రాలు, అన్నిటికన్నా ఎక్కువగా సీసీ కెమెరాలు దాని మీద బతుకుతున్నాయి. స్తంభం మీద కెమెరాకు కరెంటు లైను లాగాలంటే లైన్‌మన్, అనుమతి, మీటరు. పీఓఈ అయితే నెట్ కేబుల్ ఒక్కటే. నెట్‌వర్క్ అవసరం మార్కెట్ యార్డులకూ వచ్చింది: 2016 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు దేశంలో మొదటి విడతగా చేరిన 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ధరలు కంప్యూటర్ తెర మీద ఖాయమయ్యే కాలంలో, నెట్‌వర్క్‌కు కరెంటు ఆగితే పసుపు రాశి ముందు రైతు ఊరికే నిలబడాల్సి వస్తుంది.

కాబట్టి కొత్తగా ఆఫీసో, కోల్డ్ స్టోరేజో, దుకాణమో పెట్టుకునేవాళ్లు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. పీఓఈ దానంతటదే కరెంటు పుట్టించదు, పాత ఎక్స్చేంజి బ్యాటరీ గది చేసిన పని ఇప్పుడు మన స్విచ్చి చేయాలి. ఆ స్విచ్చికీ, ఇంటర్నెట్ వచ్చే రౌటరుకీ ఇన్వర్టర్ లైను ఇవ్వకపోతే ఫోన్లన్నీ ఒక్కసారే మూగబోతాయి. నాలుగు ఫోన్లకు ఐదేసి, నాలుగు కెమెరాలకు ఎనిమిదేసి వాట్లు వేసుకున్నా మొత్తం 52 వాట్లు. ఇంట్లో వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. స్విచ్చి, రౌటరు సొంత ఖర్చుకూ నష్టాలకూ సగం పోయినా రాత్రంతా నడుస్తుంది. రెండోది, 48 వోల్టులని రాసి ఉండే కొన్ని చవక ఇంజెక్టర్లు (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పెట్టెలు) అవతల ఎవరున్నారో అడగకుండానే కరెంటు వదిలేస్తాయి. పెట్టె మీద 802.3ఏఎఫ్ అనో, 30 వాట్ల ప్రమాణమైన 802.3ఏటీ అనో రాసి ఉంటేనే తీసుకోండి.

ఇక కేబుల్. బజారులో తక్కువ ధరకు దొరికే నెట్ కేబుళ్లలో చాలావాటిలో ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. డేటా ఎలాగో నడుస్తుంది గానీ కరెంటుకు అడ్డంకి సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. నూరు మీటర్ల చివర ఉన్న కెమెరా రాత్రివేళ ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించగానే ఆగి ఆగి మొదలయ్యే జబ్బుకు తరచుగా ఇదే కారణం. పైగా కట్టలు కట్టలుగా పోయేచోట తీగలు వేడెక్కుతాయి. ఈథర్‌నెట్ కేబుల్ ప్రమాణాలు ఈ అల్యూమినియం కేబుల్‌ను ఒప్పుకోవు. కొనేముందు కొస చెక్కి చూడండి: లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఆ కట్టను అక్కడే వదిలేసి పూర్తి రాగి కేబుల్ అడగండి.